ఆవ్, జావ్, లావ్: హుకుముల బాటలో వచ్చిన జబాన్

మా ఖాలా కొడుకొకడు టెక్సాస్‌లో ఒక హోటల్ కిచెన్ చూసుకుంటాడు. బోధన్‌లో పుట్టి, నిజామాబాద్‌లో డిగ్రీ చదివి వెళ్ళినవాడు. అతని కింద పనిచేసేవాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. ఇంగ్లీషుతో పని జరగట్లేదని స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ మధ్య తన నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపాడు. ఎడమ పక్క స్పానిష్ మాట, కుడి పక్క మన దక్కనీలో మతలబ్. వెన్ – ఆవ్. త్రాయె – లావ్. లింపియా – సాఫ్ కరో. ఎస్పేరా – ఠహరో. మీరా – దేఖో. లెక్కపెట్టాను, ఇరవై రెండు మాటలు. ఇరవై రెండూ హుకుములే. ఆకలి, అమ్మ, ఇల్లు, మీ ఊరేది, తిన్నారా... వీటిలో ఒక్కటీ లేదు.

ఫోన్ చేసి అడిగాను, "నీకంటే పెద్దవాళ్ళెవరైనా ఉన్నారారా అక్కడ?" అని. గిన్నెలు కడిగే దగ్గర అబ్బాజాన్ వయసు మనిషి ఒకాయన ఉన్నాడట. ఆయన్ని కూడా 'వెన్' అనే పిలుస్తున్నాడు. వెన్ అంటే 'రా'. పెద్దవాళ్ళని 'వేంగా' అనాలి, అంటే 'రండి'. మనకు తూ, తుమ్, ఆప్ ఉన్నట్టు వాళ్ళకి 'తూ', 'ఉస్తేద్' ఉన్నాయి. 'వుయెస్త్రా మెర్సెద్', అంటే 'తమరి దయ' అనే పాత సంబోధన నోళ్ళల్లో అరిగి అరిగి ఉస్తేద్ అయింది. మన 'హుజూర్', 'సర్కార్' లాంటిదే. ఇంకో సంగతి, ఉస్తేద్‌తో వాడే ఆ రూపం వ్యాకరణంలో అసలు హుకుం కాదు, కోరిక. ఉర్దూలో 'ఆప్ ఆయేఁ' అంటామే, సరిగ్గా అదే తరీఖా. ఇంగ్లీషులో ఈ బాధ లేదు, కలెక్టర్‌కైనా కూలీకైనా 'కమ్' ఒక్కటే. అందుకే ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి స్పానిష్‌లో ఈ ఫరక్ తొందరగా చేతికందదు. తెలుగూ ఉర్దూ తెలిసిన మావాడికి నిమిషంలో అర్థమైపోయింది. మర్నాడే మెసేజ్ పెట్టాడు, ఆ పెద్దాయన్ని 'వేంగా సెన్యోర్' అంటున్నానని.

మావాడి సంగతి అంతటితో సరే. కానీ ఆ పేజీ నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి పేజీ మన జిల్లాలో వందేళ్ళ కిందే రాసి ఉంది, కాగితం మీద కాదు, చెవుల్లో. ఇందూరు ప్రాంతపు తెలుగు రైతు, కూలీ, చాకలి, మంగలి, మాల, మాదిగ నోట్లోకి ఉర్దూ ఎట్లా వచ్చిందని అడిగితే, ముందు వచ్చినవి ఆవ్, జావ్, లావ్, బైఠ్, ఉఠ్, హట్. గజల్ తర్వాత వచ్చింది, వచ్చిన చోట వచ్చింది. ఆ తారీఖ్ మనం, అంటే ఉర్దూ ఇంట్లో పుట్టి తెలుగులో రాసుకునే మనం, ఒకసారి కూర్చుని చూసుకోవాలి.

ముందు ఒక చిన్న సబక్. ఉర్దూ వ్యాకరణంలో ఈ రూపాన్ని 'ఫేల్-ఎ-అమ్ర్' అంటారు. అమ్ర్ అరబీ మాట, ఆజ్ఞ అని అర్థం. అరబీ బలాగత్ ఉలమా దీని గురించి చాలా బారీక్‌గా ఆలోచించారు. మాట రూపం ఒకటే, కానీ పైవాడు కిందివాడితో అంటే అది అమ్ర్. సమానుడు సమానుడితో అంటే ఇల్తిమాస్. కిందివాడు పైవాడితో అంటే దుఆ. మదర్సాలో కొన్నేళ్ళు చదివిన ఏ పిల్లవాడైనా ఇది చెప్తాడు. నమాజ్‌లో రోజూ చదివే 'ఇహ్దినా' వ్యాకరణం ప్రకారం ఆజ్ఞా రూపమే, 'మాకు దారి చూపు' అని. కానీ దాన్ని ఎవరూ ఆజ్ఞ అనరు, అది దుఆ. వహీలో మొదటి మాట 'ఇఖ్రా' కూడా ఆజ్ఞా రూపమే, చదువు అని. కాబట్టి 'రా' అన్న మాట మంచిదా చెడ్డదా అని మాటని అడిగి లాభం లేదు. అన్నవాడు ఎక్కడ నిలబడ్డాడు, విన్నవాడు ఎక్కడ నిలబడ్డాడు అని అడగాలి.

బ్రిటిష్‌వాళ్ళు హిందుస్తానీ నేర్చుకున్నప్పుడు ఎక్కడ నిలబడ్డారో అందరికీ తెలుసు. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టి, గిల్‌క్రిస్ట్ దొరతో కొత్త అఫ్సర్లకి హిందుస్తానీ నేర్పించారు. కొత్తగా ఓడ దిగిన సాహెబుల కోసం సంభాషణల పుస్తకాలు వచ్చాయి. బావర్చీతో ఏం చెప్పాలి, సాయీస్‌తో ఏం చెప్పాలి, ధోబీని ఎలా గద్దించాలి, ఇవీ వాటి సంగతులు. చరిత్రకారుడు బెర్నార్డ్ కోహ్న్ 1985లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. భాష మీద ఆధిపత్యం, ఆధిపత్యపు భాష అని దాని పేరులోనే మాటని తిరగేసి చూపించాడు.

ఇంకా మజా హాబ్సన్-జాబ్సన్‌లో ఉంది. 1886లో యూల్, బర్నెల్ అచ్చేసిన పెద్ద నిఘంటువు అది, హిందుస్తాన్‌లో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోళ్ళల్లో తిరిగే దేశీ మాటలన్నీ పోగేసింది. అందులో పకరో, లగావ్, బనావ్ అని కొన్ని క్రియలున్నాయి. సాహెబులు వీటిని ఇంగ్లీషు క్రియల్లా వాడేసేవారు, 'నేను వాణ్ణి పకరో చేశాను' అన్నట్టు. నిఘంటుకర్తలే రాశారు, ఇవి అసలు ఆజ్ఞా రూపాలని, వాటినే ఆంగ్లో-ఇండియన్లు మూల క్రియలుగా చేసుకున్నారని. కారణం ఊహించడం కష్టం కాదు. పకడ్నా, లగానా, బనానా అనే రూపాలు నోట్లో పలికే అవసరం వాళ్ళకి ఎక్కడ పడింది? జీవితమంతా ఆ క్రియలు వాళ్ళ నోటి నుంచి హుకుముగానే వెళ్ళాయి. అందుకే హుకుం రూపమే క్రియ పేరైపోయింది.

ఇదే సంగతిని ఇ. ఎం. ఫార్‌స్టర్ 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలలో ఒక్క పాత్రలో పట్టేశాడు. కలెక్టర్ భార్య మిసెస్ టర్టన్‌కి ఉర్దూ వస్తుంది, కానీ నౌకర్లతో మాట్లాడేందుకు నేర్చుకున్న ఉర్దూ. అదబ్ మాటలు రావు, క్రియల్లో ఆజ్ఞా రూపం తప్ప ఇంకోటి రాదు. పర్దా బీబీల ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆమె దగ్గర ఉన్న సరుకు అంతే. ఆ నవలని ఫార్‌స్టర్ అంకితం ఇచ్చింది ఎవరికో తెలుసా? సయ్యద్ రాస్ మసూద్‌కి. సర్ సయ్యద్ మనవడు. ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో ఫార్‌స్టర్ ఆయనకి లాటిన్ పాఠం చెప్పాడు, అక్కడ మొదలైన దోస్తీ. ఆ మసూద్ సాబ్ 1916 నుంచి 1928 దాకా మన హైదరాబాద్ రియాసత్‌లో విద్యాశాఖ డైరెక్టర్. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర ఉన్నాడు కూడా.

అదే మసూద్ సాబ్ ఉస్మానియా యూనివర్సిటీ నిలబెట్టిన వాళ్ళలో ఒకరు. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా, మరుసటేడు యూనివర్సిటీ, దానికంటే ముందే దారుల్ తర్జుమా. బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ చేతి కింద ఫిజిక్స్, లెక్కలు, కానూన్, తారీఖ్ పుస్తకాలన్నీ ఉర్దూలోకి వచ్చాయి. దేశీ జబాన్‌లో యూనివర్సిటీ చదువు చెప్పొచ్చని హిందుస్తాన్‌కి చూపించింది హైదరాబాదే. నాకు దాని మీద ఫఖర్ ఉంది, దాచుకోను. సాహెబుల చేతిలో వంటింటి హుకుముల భాషగా మిగిలిన ఉర్దూని ఇంజనీరు, డాక్టరు, మున్సిఫ్ మాట్లాడే భాషగా చేశారు. మసూద్ సాబ్ 1922లో జపాన్ వెళ్ళి, వాళ్ళు సొంత భాషలో చదువు ఎలా నడుపుతున్నారో చూసి పుస్తకం కూడా రాశారు.

అయితే హైదరాబాద్ నుంచి రైలెక్కి ఇందూరు దిగండి. అక్కడ లెక్క మారుతుంది.

1880లలో రియాసత్ కచేరీల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. జనంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, బోధన్ దాటితే మరాఠీ. పట్వారీ దఫ్తర్, గిర్దావర్ దౌరా, అమీన్ సాబ్ చౌకీ, తహసీల్ అదాలత్, అన్నింటా ఉర్దూ. దౌరాకి వచ్చిన అహల్‌కార్ కోసం ఊళ్ళో కోళ్ళు, గడ్డి, కట్టెలు, మనుషులు వెట్టికి పోగయ్యేవి. అక్కడ నిలబడ్డ మనిషికి ఉర్దూ ఎట్లా వినిపించింది? 'పానీ లావ్.' 'సామాన్ ఉఠావ్.' 'పటేల్ కో బులావ్.' దారుల్ తర్జుమా ఫిజిక్స్ పుస్తకం ఆ ఊరికి రాలేదు. మిసెస్ టర్టన్ ఉర్దూ మాత్రం వచ్చింది, పలికింది మెమ్ సాహెబ్ కాకపోయినా.

ఇక్కడ ఒక ఇన్సాఫ్ మాట కూడా చెప్పాలి. వెట్టి చేయించిన గడీల్లో దొర తెలుగువాడే. గడీలో హుకుములు తెలుగులోనే నడిచాయి, 'రారా', 'పోరా', 'తేరా' అని. 'బాంచెన్ దొరా' అన్న జవాబూ తెలుగే. హుకుముకి మజహబ్ లేదు, మాతృభాషా లేదు. ఇక ఉర్దూ మాట్లాడే ముస్లింలలో అహల్‌కార్లు ఎందరు? టాంగా తోలేవాడు, కసాయి, దర్జీ, పింజారీ, హమాలీ, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఇదీ నిజామాబాద్ మొహల్లా. వీళ్ళు కూడా హుకుములు వినేవైపే నిలబడ్డారు. కాకపోతే వాళ్ళ ఇంటి భాషలోనే విన్నారు.

దీనికి గవాహి కావాలంటే తెలుగు భాషే ఇస్తుంది. సాహెబులు హుకుం రూపాన్ని క్రియ చేసుకున్నారన్నాను కదా, అవే ఉర్దూ క్రియలు తెలుగులో ఎట్లా చేరాయో చూడండి. బనానా నుంచి బనాయించు, దబానా నుంచి దబాయించు, సతానా నుంచి సతాయించు, చలానా నుంచి చలాయించు, ఉడానా నుంచి ఉడాయించు, ఫిర్‌నా-ఫిరానా నుంచి ఫిరాయించు, లగానా నుంచి లగాయించు. వీటిని వాక్యాల్లో పెట్టండి. కేసు బనాయించారు. నోరెత్తకుండా దబాయించాడు. పెత్తనం చలాయిస్తున్నాడు. డబ్బుతో ఉడాయించాడు. పార్టీ ఫిరాయించాడు. ఉర్దూలో బనానా అంటే ఇల్లు కట్టడం, రొట్టె చేయడం, బొమ్మ గీయడం, ఎంత చక్కటి మాట! తెలుగులోకి వచ్చేసరికి మిగిలింది అబద్ధపు కేసు కట్టడం. తమాషా ఏమిటంటే హాబ్సన్-జాబ్సన్ కూడా 'బనావ్' అంటే కల్పించింది, నకిలీది అనే రాసింది. అటు హుకుమిచ్చిన సాహెబు, ఇటు తెలుగువాడు, ఇద్దరికీ ఆ మాటలో ఒకే మకిలి అంటింది.

పేర్లు కూడా అంతే. సమ్‌ఝాయిష్ అంటే ఉర్దూలో ప్రేమగా నచ్చజెప్పడం. తెలుగులో సంజాయిషీ అంటే పై అధికారి అడిగితే చేతులు కట్టుకుని ఇచ్చుకునే జవాబు. ఆజ్మాయిష్ అంటే పరీక్ష, తెలుగు అజమాయిషీ అంటే మీద కూర్చుని చూసేవాడి పెత్తనం. తాకీద్ అంటే గట్టిగా గుర్తుచేయడం, తెలుగులో తాకీదు అంటే నోటీసు. పాపం మతలబ్! మనకి ఉట్టి అర్థం, తెలుగువాడు 'ఇందులో ఏదో మతలబు ఉంది' అంటే కుట్ర. ఈ మాటల్లో చాలావరకు నిజాముకంటే ముందే, గోల్కొండ కాలం నుంచీ, కోస్తాలో కూడా పాకినవి. అంటే తెలుగు జనం ఉర్దూని మూడు నాలుగు వందలేళ్ళు కచేరీ మెట్ల కింద నిలబడి విన్నారు. అక్కడి నుంచి ఎట్లా వినిపిస్తే అట్లా రాసుకున్నారు. అన్నీ చేదే అనను. ఖబర్ నుంచి కబుర్లు వచ్చాయి, అంతకంటే తియ్యటి తెలుగు మాట ఏముంది? తెలంగాణలో కమాయించు ఉంది, అది చెమట మాట. అయినా తూకంలో ఎటువైపు బరువుందో దాచలేం.

ఇప్పుడు శక్కర్ నగర్‌కి వద్దాం. మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ కింద. కాలువ పారాక చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. కాలువ నీళ్ళు చూసి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు వెలిశాయి. మా దాదా ఫ్యాక్టరీలో చెరకు కాంటా దగ్గర పనిచేశారు. ఆయన మాటల్లో ఆ కాంటా ఒక మక్తబ్. లోకల్ తెలుగు బండివాడు, కోస్తా రైతు, మరాఠీ కూలీ, దక్కనీ గుమస్తా, నలుగురూ లైన్లో. అందరికీ ఉమ్మడిగా తెలిసినవి పది హుకుములు. 'బండీ ఆగే లేవ్.' 'ఠైరో.' 'పీఛే హటో.' 'మోళీ దించు.' 'చీటీ దిఖావ్.'

గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన రైతులు పెద్దమనిషి తరహా వాళ్ళు, ఎదుటివాణ్ణి 'అండి' లేకుండా పిలవడం వాళ్ళకి నోరు రాదు. అందుకని ఉర్దూకి కూడా అండి తగిలించేవారట, 'ఆవోండి సాబ్', 'బైఠోండి సాబ్' అని. దాదా ఇది చెప్పినప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడనిపిస్తుంది, ఆ కాంటా దగ్గర అన్నిటికంటే తమీజ్ ఉన్న ఉర్దూ అదేనేమో. ఎందుకంటే అటువైపు మనవాళ్ళ తెలుగు ఎట్లా ఉండేది? బండివాళ్ళతో పని పడి నేర్చుకున్న తెలుగు, 'రా', 'పో', 'తే', 'దించు' అని. ఇక్కడి తెలుగులో పెద్దవాళ్ళని 'రాండ్రి', 'కూసోండ్రి' అంటారన్న సంగతి నేర్పినవాళ్ళు లేరు. ఇంట్లో పసిపిల్లవాణ్ణి కూడా ఆప్ అనే మనిషి, బజార్లో ముసలి రైతుని 'నువ్వు రా' అనేవాడు. అతను బద్తమీజ్ కాదు, అతని తెలుగులో తమీజ్ ఉన్న అర మూసి ఉంది. మూసి ఉందని ముసలి రైతుకి ఎట్లా తెలుస్తుంది?

మరో పక్క దక్కనీ తనంతట తాను కొంత మెట్టు దిగింది. లఖ్‌నవీలు ఆయియే, బైఠియే అంటారు. మనం ఆప్ అని ఇజ్జత్ ఇస్తూనే 'ఆప్ ఆవ్', 'ఆప్ బైఠో' అంటాం. ఉత్తరాదివాళ్ళకి ఇది గ్రామర్ తప్పు. నాకు మాత్రం ఇది వందల ఏళ్ళు నాలుగు భాషల బజార్లో తిరిగిన జబాన్ చేసుకున్న సుల్హ్‌లా కనిపిస్తుంది. పెద్దాచిన్నా అందరికీ సరిపోయే ఒకే 'ఆవ్'. ఇక 'నక్కో' ఉంది. మరాఠీ 'నకో' నుంచి వచ్చింది. 'నక్కో జావ్' అంటే వెళ్ళొద్దు, ఉట్టి 'నక్కో' అంటే నాకొద్దు. వద్దని హుకుమివ్వడానికీ, వద్దని హుకుము తిప్పికొట్టడానికీ అదే మాట. కచేరీ ఉర్దూ దీన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. బోధన్ బజార్లో అది లేకుండా కూరగాయల బేరం జరగదు.

1937 అన్నాను కదా, ఫ్యాక్టరీ పెట్టిన ఆ ఏడే నిజామాబాద్‌లో ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం జరిగింది. దాని జడ ఎక్కడుందో గుర్తుచేసుకోవాలి. 1921లో హైదరాబాద్‌లో ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం, దాని నుంచి మహాసభ. నిజామాబాద్ సభకి అధ్యక్షుడు మందుముల నర్సింగరావు. ఆయన 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకుడు! తెలుగు ఇజ్జత్ కోసం లేచిన సభకి ఉర్దూ అఖ్బార్ ఎడిటర్ సదర్. దాశరథి సంగతి కూడా అంతే. నిజాం సర్కార్ ఆయన్ని ఇదే నిజామాబాద్ ఖిల్లా జైల్లో పెట్టింది. ఆయనే తర్వాత గాలిబ్ గజళ్ళని తెలుగు చేశారు. వీళ్ళకి ఉర్దూ హుకుముగా రాలేదు, చదువుగా వచ్చింది. అందుకే హుకుమత్‌తో కొట్లాడినా జబాన్‌తో దుష్మనీ పెట్టుకోలేదు. హుకుములు మాత్రమే విన్నవాడికి ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ కనిపిస్తుంది?

1948 సెప్టెంబర్ తర్వాత ఆ గీత కనిపించకపోవడం మనవాళ్ళకి ఎంత ఖరీదు పడిందో ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది, ఇక్కడ విప్పను. ఉర్దూ కచేరీ దిగింది. ఉస్మానియాలో చదువు ఇంగ్లీషులోకి మారింది. 1956లో జిల్లా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. టాంగా తోలేవాడి ఉర్దూ కూడా రాజుల ఉర్దూ ఖాతాలోనే పడింది.

తర్వాత పాచిక తిరగబడింది. 1970ల నుంచి మన జిల్లా గల్ఫ్ బాట పట్టింది, ముస్లింలు, హిందువులు, కాపు, గొల్ల, ముదిరాజ్, దళితులు, అందరూ. ఎయిర్‌పోర్ట్ దిగిన వారానికే అందరి నోట్‌బుక్ మొదటి పేజీ నిండేది. తఆల్ – రా. రూహ్ – పో. జీబ్ – తే. షూఫ్ – చూడు. ఖల్లీ – వదిలేయ్. సవ్వీ – చేయి. యల్లా, యల్లా. మా మొహల్లా నుంచి వెళ్ళిన ఒక హాఫిజ్ సాబ్ చెప్పేవారు, ఖురాన్ మొత్తం కంఠంలో ఉంది కాబట్టి అరబ్బుల మధ్య నాకు జబాన్ కష్టం ఉండదనుకున్నానని. సైట్ మీద ఆయన చెవిన పడ్డవి ఆ ఆరేడు మాటలే. 'తఆల్' మాత్రం ఆయనకి తెలిసిందే, ఖురాన్‌లో 'తఆలవ్' ఉంది, అందరికీ సమానమైన ఒక మాట వైపు రండి అని అహ్లె కితాబ్‌ని పిలిచే చోట. అదే ధాతువు, అదే పిలుపు. ఇక్కడ సిమెంటు బస్తా వైపు. ఆయన పక్కన బస్తా ఎత్తింది ఆర్మూరు దగ్గరి తెలుగు హిందూ కుర్రాడు. వాళ్ళిద్దరూ రాత్రి గదిలో మాట్లాడుకున్నది దక్కనీలో. ఆ కుర్రాడి ఉర్దూ గల్ఫ్‌లోనే పక్కా అయింది, పఠాన్లతో, బిహారీలతో వండుకుని తింటూ. సెలవుకొచ్చినప్పుడు 'భాయీ, అమ్మీకు సలామ్ బోలో' అనేవాడట. హుకుం రూపమే ఇది కూడా, 'బోలో'. కానీ బలాగత్ లెక్కలో దీని పేరు ఇల్తిమాస్.

ఒక చిన్న పక్కదారి, ఇంత దూరం వచ్చినవాళ్ళకి మిఠాయిలాగా. మావాడి స్పానిష్ రెండో పేజీలో 'అసూకర్' అని ఉంది, చక్కెర. అది అరబీ 'అస్-సుక్కర్', అందలుస్‌లో ముస్లింలు చెరకు పండించిన రోజుల్లో స్పానిష్‌లో చేరింది. అరబీకి ఫార్సీ 'శకర్' నుంచి, ఫార్సీకి ఇక్కడి 'శర్కర' నుంచి. మన శక్కర్ నగర్ పేరు మొత్తం లోకం చుట్టి టెక్సాస్ కిచెన్ డబ్బా మీద కూర్చుంది. ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబర్‌లో మూతపడింది. కాంటా దగ్గర లైను లేదు. ఆ నాలుగు భాషల మక్తబ్ కూడా లేదు.

నన్ను ఇప్పుడు పట్టి కుదిపేది ఇంటి సంగతి. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో సర్కారీ జబాన్ అయింది. బోర్డుల మీద కనిపిస్తోంది, ఖుషీ. మన ఇళ్ళల్లో ఏం కనిపిస్తోంది? పిల్లలు ఇంగ్లీషు మీడియం, ఫోను ఇంగ్లీషు, దోస్తులతో తెలుగు. అమ్మీ నోటి నుంచి రోజంతా వచ్చే ఉర్దూ వినండి: ఉఠో. బ్రష్ కరో. ఖావ్. జల్దీ కరో. పఢో. ఫోన్ రఖో. సోవ్. పిల్లలకి ఇవన్నీ అర్థమవుతాయి, జవాబు తెలుగులో ఇస్తారు. జబాన్ ఇంట్లోకి వచ్చేటప్పుడు ముందు హుకుం వస్తుంది, వెళ్ళిపోయేటప్పుడు ఆఖరుకి మిగిలేదీ హుకుమే. అమెరికాలో తెలుగు పిల్లల సంగతీ ఇదే అని మావాడు అంటున్నాడు. 'దా', 'తిను', 'పడుకో' వస్తాయి, తాతయ్యతో రెండు నిమిషాల ముచ్చట రాదు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఖాందాన్ పిల్లలు ఆరుగురు ఇంట్లో ఉంటే ఒక పని పెట్టాను. ఒక్క రోజు, ఇంట్లో వినిపించిన ప్రతి ఉర్దూ మాటా తెలుగు లిపిలోనైనా సరే రాయండి, హుకుం ఒక పక్క, హుకుం కానిది ఇంకో పక్క. సాయంత్రానికి మొదటి పక్క నాలుగు కాగితాలు నిండాయి. రెండో పక్క ఒక కాగితంలో సగం, అదీ చాలావరకు మా నానీ పుణ్యం. ఎనభై దాటిన మనిషి, మనవళ్ళని కూడా ఆప్ అంటుంది. దాహమైతే 'పానీ లావ్' అనదు. 'జర పానీ పిలాతే క్యా బాబా' అంటుంది, నీళ్ళు తాగిస్తారా అని. మా చిన్నోడు దాన్ని ఏ పక్క రాయాలో తెలియక కాగితం నా దగ్గరికి తెచ్చాడు. నానీనే అడగమన్నాను. వాడు వెళ్ళి, చాలా సేపు అక్కడే కూర్చుండిపోయాడు.